"నాది కఫం ఒళ్లండి": సీఓపీడీ, ఇన్‌ఫ్లమేషన్, చైనా వైద్యంలో ఒంటి తత్వం

సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు మీద డాక్టర్ గారు మాట్లాడిన రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు మాత్రం తీసేశాను, మిగతాదంతా డాక్టర్ గారు మాట్లాడినట్టే ఉంచాను.

అందరికీ నమస్కారమండి. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్న పెద్దాయన, మీకు దగ్గొస్తోంది, కాస్త ఇటు జరగండి బాబాయ్, గాలి సూటిగా తగలకుండా. ఆ, అలా కూర్చోండి.

నా ఓపీకి ఆయాసంతో వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట ఏంటో తెలుసా? దగ్గు గురించి కాదు. "డాక్టర్ గారూ, నాది వేడి ఒళ్లండి, మందులు పడవు" అంటారు. ఇంకొకాయన "నాది కఫం ఒళ్లు సార్, చిన్నప్పట్నుంచీ అంతే, నాలుగు ముద్దలు పెరుగన్నం తింటే గొంతులోకి వచ్చేస్తది" అంటాడు. ఇంకొకామె "మా పుట్టింటి వైపు అందరిదీ శీతల శరీరమే" అంటుంది. జబ్బు కంటే ముందు ఒంటి తత్వం చెప్తారు. నేను ఆ మాటని కొట్టిపారెయ్యను. ఎందుకంటే ఇదే మాట నేను ఇంకో దేశంలో, ఇంకో భాషలో, రోజూ విన్నాను.

నేను ఎంబీబీఎస్ చైనాలో చదివానండి. మన పిల్లలు చాలామంది వెళ్లారు కదా, అలాగే నేనూ. అక్కడ మాకు చైనా సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు. మొదట్లో పరీక్ష పాసైతే చాలు అనుకున్నాను. వార్డులో పడ్డాకే అర్థమైంది, అది పుస్తకంలో సబ్జెక్టు కాదు, అక్కడి జనం తమ ఒంటి గురించి మాట్లాడుకునే భాష అని.

చలికాలం. ఉత్తర చైనా చలి ఎలా ఉంటదంటే కిటికీ అద్దాల మీద మంచు పేరుకుంటది. శ్వాసకోశ వార్డు నిండిపోయి నడవాలో కూడా మంచాలు వేశారు. అక్కడ ఒక తాత ఉండేవాడు. డెబ్బై దాటాయి. కుర్రతనం నుంచి సిగరెట్టు, ఇంట్లో బొగ్గు పొయ్యి. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదాలు ముడిచి, వేడి పాలు ఊదుకున్నట్టు ఊదుతూ కూర్చునేవాడు రాత్రంతా. పడుకోలేడు. మీ ఇళ్లలో ఎవరైనా ఇలా కూర్చోవడం చూశారా? చూసే ఉంటారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర జీవితం గడిపినవాళ్లున్న ఊళ్లు మనవి.

పొద్దున మా ప్రొఫెసర్ రౌండ్స్‌కి వచ్చేవారు, స్టెత్ పెట్టి, బ్లడ్ గ్యాస్ రిపోర్ట్ చూసి, నెబ్యులైజర్, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ రాసి వెళ్లేవారు. మధ్యాహ్నం అదే మంచం దగ్గరికి సంప్రదాయ వైద్యం డిపార్ట్‌మెంట్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చేది. ఆవిడ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు కదలకుండా కూర్చునేది. నాలుక చాపమనేది, తర్వాత నాలుక పైకెత్తమని కింద నరాలు చూసేది. అన్నం సహిస్తోందా? కాళ్లూ చేతులూ చల్లబడుతున్నాయా? కఫం తెల్లగా నురగనురగగా వస్తోందా, పచ్చగా చిక్కగా వస్తోందా? మాట్లాడితే అలుపొస్తోందా? ఇన్ని అడిగేది. చివరికి రాసింది ఏంటంటే, ఊపిరితిత్తుల చీ, ప్లీహం చీ రెండూ తగ్గాయి (చీ అంటే ప్రాణశక్తి లాంటిది, తర్వాత చెప్తాను), కఫం పేరుకుంది, రక్తం నిలిచిపోయింది. నాలుక ఊదారంగులో ఉంది, నాలుక కింద నరాలు ఉబ్బి ఉన్నాయి, కాబట్టి రక్తం నిలిచిపోయింది అంది.

మా ప్రొఫెసర్ రిపోర్టులో ఏముంది? ఆక్సిజన్ తక్కువ, కుడివైపు గుండె మీద ఒత్తిడి. ఆక్సిజన్ తగ్గితే నాలుక నీలంగా మారుతుంది, కుడివైపు గుండె అలిసిపోతే సిరలు ఉబ్బుతాయి. అంటే ఇద్దరూ చూసింది ఒక్కటే! మిషన్ లేకుండా ఆవిడ అది చూసింది. నాకు ఆ రోజు ఒళ్లు జలదరించింది, నిజంగా చెప్తున్నాను.

కానీ, ఈ కానీ కోసమే ఇవాళ నేను వచ్చింది, ఇద్దరూ ఒకటే చూశారు కాబట్టి ఇద్దరు చెప్పే కారణమూ కరెక్టే అని అనుకోకూడదు. చూడటం వేరు, కారణం వేరు. ఈ తేడా మనం పట్టుకోలేకపోతే ఒక మనిషి "నా ఒళ్లే అంత" అనుకుంటూ ఇరవై ఏళ్లు పొగలో కూర్చుంటాడు.

సరే, ముందు జబ్బు గురించి. సీఓపీడీ. ఆస్తమా కాదు. మన దగ్గర రెంటినీ కలిపి ఉబ్బసం అనేస్తాం. ఆస్తమాలో గొట్టం ముడుచుకుంటది, మందు వేస్తే చాలావరకు మళ్లీ తెరుచుకుంటది. సీఓపీడీలో సన్నబడ్డ గొట్టం పూర్తిగా వెనక్కి రాదు. గట్టిగా గాలి పీల్చి ఒక్కసారి ఊదమంటాం, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చిందో చూస్తాం, మందు పీల్చాక కూడా అది 70 శాతం కంటే తక్కువుంటే గొట్టాల్లో అడ్డు ఉన్నట్టే.

చైనాలో ఇది ఎంతమందికి ఉందో 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 10 ప్రాంతాల్లో 50 వేల పైచిలుకు మందితో ఊదించి చూశారు. 20 ఏళ్లు దాటినవాళ్లలో 8.6 శాతం, 40 దాటినవాళ్లలో 13.7 శాతం. దేశం మొత్తం లెక్కేస్తే 10 కోట్ల మంది దగ్గర. మన ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా అంత జనం లేరండీ! ఇంకో మాట వినండి, జబ్బు ఉన్నవాళ్లలో తమకి జబ్బుందని తెలిసినవాళ్లు 2.6 శాతం. వందకి ముగ్గురు కూడా లేరు. మిగతా తొంభై ఏడు మంది ఏమనుకుంటున్నారు? వయసు అనుకుంటున్నారు. పొగ తాగేవాడికి దగ్గు మామూలే అనుకుంటున్నారు. ఒంటి తత్వం అనుకుంటున్నారు.

లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపిగ్గా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. పొగ లోపలికి వెళ్తుంది. సిగరెట్టు పొగ, బీడీ పొగ, కట్టె పొయ్యి పొగ, ఏదైనా. గాలి గొట్టం లోపలి పొర దెబ్బ తింటుంది. అక్కడ కాపలా ఉండే కణాలు, మాక్రోఫేజెస్ అంటాం, అవి కేకేస్తాయి. కేక అంటే రసాయనం. ఐఎల్-8 అని ఒకటి, టీఎన్‌ఎఫ్ అని ఒకటి, ఐఎల్-6 అని ఒకటి. ఆ కేక విని రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ పరిగెత్తుకొస్తాయి, తెల్ల కణాలు. వాటి దగ్గర ఎలాస్టేస్ అనే పదునైన ఎంజైము ఉంటుంది, క్రిముల మీద వాడాల్సింది. కానీ ఇక్కడ క్రిమి ఏది? పొగే కదా. క్రిమి లేకపోయినా ఎంజైము వదులుతాయి, అది మన గాలి గదుల గోడలనే కొరికేస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారు చూడండి, అదే. ద్రాక్షగుత్తిలా ఉండాల్సిన గాలి గదులు గోడలు తెగిపోయి పెద్ద పెద్ద సంచులు అయిపోతాయి. ఇంకోపక్క గొట్టాల్లో కఫం తయారుచేసే కణాలు పెరిగిపోతాయి, కఫం ఎక్కువవుతుంది, దాన్ని పైకి ఊడ్చే సన్న వెంట్రుకలు పొగకి పనిచెయ్యడం మానేస్తాయి. ఇప్పుడు చెప్పండి, ఆ కఫం "కఫం ఒళ్లు" వల్ల వచ్చిందా, పొగ వల్ల వచ్చిందా?

ఇంకా బాధేంటంటే, పొగ మానేసినా ఆ వాపు, అదే ఇన్‌ఫ్లమేషన్ అంటాం, పూర్తిగా చల్లారదు. ఏళ్ల తరబడి లోపల కుంపటిలా ఉంటుంది. అలాగని మానేసి లాభం లేదని మాత్రం అనుకోకండి, దయచేసి. అమెరికా, కెనడాలో లంగ్ హెల్త్ స్టడీ అని 11 ఏళ్లు వెంటపడి చూశారు. పొగ మానేసిన మగవాళ్లలో ఊపిరి బలం ఏడాదికి 30 మిల్లీలీటర్లు తగ్గింది, తాగుతూనే ఉన్నవాళ్లలో 66 మిల్లీలీటర్లు. సగం కంటే తక్కువ! మానెయ్యడం కంటే గొప్ప మందు నా దగ్గర లేదు.

ఈ వాపు ఊపిరితిత్తుల్లో ఆగుతుందా? చాలామందిలో ఆగదు, రక్తంలోకి పొర్లుతుంది. ఐఎల్-6 వెళ్లి లివర్‌ని తడితే లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది, ఫైబ్రినోజెన్ పెంచుతుంది. మీరు ల్యాబ్ రిపోర్టుల్లో సీఆర్‌పీ అని చూస్తారే, అదే. కండలు కరుగుతాయి, ఆకలి చస్తుంది, గుండె జబ్బు దగ్గరకొస్తుంది. ఎక్లిప్స్ అని ఒక పెద్ద స్టడీ ఉంది, అందులో 1,700 పైచిలుకు సీఓపీడీ పేషెంట్ల రక్తంలో ఇలాంటి గుర్తులు ఆరు చూశారు, ఏడాది తర్వాత మళ్లీ చూశారు. సుమారు 30 శాతం మందిలో వాపు గుర్తులు అసలు లేవు. 16 శాతం మందిలో మాత్రం రెండుసార్లూ ఎక్కువే ఉన్నాయి. మూడేళ్లలో ఎవరు చనిపోయారు? వాపు లేనివాళ్లలో 2 శాతం, వాపు అలాగే ఉండిపోయినవాళ్లలో 13 శాతం. ఊదుడు పరీక్షలో మరీ అంత తేడా ఏమీ లేదు వాళ్ల మధ్య. అంటే ఒకే జబ్బు పేరు కింద రకరకాల మనుషులున్నారు. ఒకడిది నెమ్మదిగా నడుస్తుంది, ఒకడిది పరిగెడుతుంది. ఎందుకు? అసలు ప్రశ్న ఇదే కదా. ఈ ప్రశ్న దగ్గరే చైనా వైద్యం "తత్వం" అంటుంది.

ఇప్పుడు ఆ తత్వం సంగతి. చైనాలో మనుషుల్ని రకాలుగా విడగొట్టడం చాలా పాతది, వాళ్ల పురాతన వైద్య గ్రంథంలోనే 25 రకాల మనుషుల గురించి ఉంది. మనకి వాతం పిత్తం కఫం ఉన్నట్టే. అయితే ఇప్పుడు అక్కడ ఆస్పత్రుల్లో వాడేది అది కాదు, 1970ల చివర్నుంచి బీజింగ్‌లో వాంగ్ ఛీ అనే ప్రొఫెసర్ కూర్చి తయారుచేసిన పద్ధతి. తొమ్మిది రకాలు. ఒకటి సమంగా ఉండేది, మిగతా ఎనిమిదీ ఏదో ఒక పక్కకి ఒరిగినవి. చీ తక్కువ ఒళ్లు, అంటే ఓపిక లేనిది. యాంగ్ తక్కువ, అంటే చలి ఒళ్లు. యిన్ తక్కువ, అంటే ఎండిపోయిన వేడి ఒళ్లు. కఫం తేమ ఒళ్లు. తేమ వేడి ఒళ్లు. రక్తం నిలిచే ఒళ్లు. చీ ముడిపడ్డ ఒళ్లు, అంటే మనసు దిగులు. ఇక పుట్టుకతో ఏదో ఒకటి పడని ఒళ్లు, అలర్జీ లాంటిది. చీ అంటే ఏంటని అడుగుతారు, నేను ఊపిరీ ప్రాణమూ కలిసిన మాట అని చెప్తాను. వాళ్ల పాత లిపిలో ఆ అక్షరం కింద బియ్యం గుర్తు ఉంటుంది, ఉడికే అన్నం మీద లేచే ఆవిరి అనుకోండి. నాకు ఆ బొమ్మ ఇష్టం.

దీన్ని వాళ్లు గాలికి వదిలెయ్యలేదు. 60 ప్రశ్నల ఫారం చేశారు, గత ఏడాదిలో ఇది మీకు ఎంత తరచుగా ఉంది అని, ఒకటి నుంచి ఐదు మార్కులు. 2009లో వాళ్ల చైనా వైద్య సంఘం దాన్ని ప్రమాణంగా పెట్టింది. తొమ్మిది ప్రాంతాల్లో 20 వేల పైచిలుకు మందికి ఇచ్చి చూస్తే సమతూకం ఉన్నవాళ్లు మూడింట ఒక వంతు. ఇప్పుడు 65 దాటిన పెద్దలకి ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో భాగంగా తత్వం చూసి సలహా ఇస్తారు. నాకు ఇది నచ్చింది. ఏ రకమైతేనేం, ఏడాదికోసారి ఒక మనిషి ఒక ముసలామె ఎదురుగా కూర్చుని ఆకలి ఎలా ఉందమ్మా, నిద్ర ఎలా ఉందమ్మా అని అడగడం ఉంది చూశారా, అది చిన్న విషయం కాదు.

మరి ఊపిరితిత్తుల జబ్బులో? సీఓపీడీకి సరిపోయే పాత పేరు వాళ్లకి ఒకటుంది, ఫేయ్ జాంగ్, ఊపిరితిత్తులు ఉబ్బడం. ఆ పురాతన గ్రంథంలో దాని వర్ణన ఎలా ఉంటుందంటే, లోపల ఖాళీ, అయినా నిండినట్టు, ఆయాసం, దగ్గు. ఖాళీ, అయినా నిండినట్టు! ఒక్క నిమిషం ఆలోచించండి దీని గురించి. ఇందాక చెప్పాను, గాలి గదులు తెగి సంచులవుతాయని. లోపలికి వెళ్లిన గాలి బయటికి రాలేక ఇరుక్కుపోతుంది, ఛాతీ పీపాలా ఉబ్బుతుంది, కానీ పనికొచ్చే గాలి లేదు. నిండుగా ఉంది, ఖాళీగా ఉంది. ఎక్స్‌రే కనిపెట్టడానికి రెండు వేల ఏళ్ల ముందు ఎవరో ఒక వైద్యుడు ఆయాసంతో ఉన్న మనిషి పక్కన కూర్చుని, చూసి, ఇంత తక్కువ మాటల్లో చెప్పాడు. నేను ఎన్ని ఎక్స్‌రేలు చదివినా ఆ మాట గుర్తొస్తుంది.

వాళ్ల ఇంకో మాట, ప్లీహం కఫాన్ని పుట్టిస్తుంది, ఊపిరితిత్తులు దాన్ని దాచుకునే కుండ. ఇక్కడ ప్లీహం అంటే మనం స్కానింగ్‌లో చూసే స్ప్లీన్ కాదు, అరుగుదల అని అర్థం చేసుకోండి. జబ్బు నడక కూడా చెప్తారు, ముందు ఊపిరితిత్తుల చీ తగ్గుద్ది, తర్వాత అరుగుదల దెబ్బతింటది, చివరికి మూత్రపిండం, అంటే మూలబలం, ఊపిరిని పట్టి ఉంచలేకపోతుంది, అప్పుడు మనిషి నాలుగడుగులు వేస్తే రొప్పుతాడు. దీన్ని మన లెక్కలో పెట్టి చూడండి. 2004లో బోడ్ ఇండెక్స్ అని వచ్చింది, సీఓపీడీలో ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో చెప్పడానికి. అందులో ఉన్నది ఊదుడు పరీక్ష ఒక్కటే కాదు. బరువు ఉంది, ఎత్తుకి తగ్గ బరువు 21 లోపుకి పడిపోతే చెడ్డ గుర్తు. ఆయాసం ఉంది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడో ఉంది. అంటే తిండి, కండ, అడుగు. ఊపిరితిత్తుల జబ్బులో మనిషి మొత్తాన్ని చూడాలని మనమూ ఒప్పుకున్నాం, కాస్త ఆలస్యంగా.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నాకున్న అభ్యంతరం చెప్తాను, ఇదే ముఖ్యం, కాస్త వినండి.

చైనా ఆస్పత్రుల నుంచి వచ్చే పేపర్లలో తరచూ ఒక మాట ఉంటుంది. సీఓపీడీ ఉన్నవాళ్లలో చీ తక్కువ ఒళ్లు, కఫం తేమ ఒళ్లు, చలి ఒళ్లు ఎక్కువ అని. చదవగానే ఏమనిపిస్తుంది? ఈ ఒళ్లున్నవాళ్లకి ఈ జబ్బు వస్తుంది, వీళ్లలోనే ముదురుతుంది అనిపిస్తుంది. కానీ ఆ ఫారం తెరిచి ప్రశ్నలు చూడండి. చీ తక్కువ ఒంటికి అడిగేవి ఏంటి? త్వరగా అలిసిపోతారా? ఊపిరి అందదా? నలుగురికంటే తొందరగా జలుబు చేస్తుందా? మాట్లాడటానికి ఓపిక ఉండదా? కాస్త కదిలితే చెమట పడుతుందా? కఫం తేమ ఒంటికి? ఛాతీ బరువుగా ఉంటుందా? గొంతులో ఎప్పుడూ కఫం అడ్డుపడినట్టు ఉంటుందా?

అయ్యా, అమ్మా, సీఓపీడీ ఉన్న మనిషిని పట్టుకుని ఊపిరి అందదా, కఫం వస్తుందా అని అడిగితే ఏమంటాడు? అవును అనే కదా అంటాడు! మార్కులు పడిపోతాయి. చీ తక్కువ ఒళ్లు అని తేలిపోతుంది. అది తత్వమా, జబ్బా? వానలో తడిసొచ్చినవాడిని చూసి ఇతనిది తడి ఒళ్లు అన్నట్టుంది. అలసట ఎక్కడిది? ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ ఎక్కువున్నవాడికి ఒళ్లంతా నీరసమే, జ్వరం వచ్చినప్పుడు మీకు ఉండే నీరసం అదే, ఆ రసాయనాల పనే. కాళ్లూ చేతులూ చల్లబడటం, ఆకలి చావడం, కండ కరగడం, అన్నీ ఆ వాపు వేసిన ముద్రలే. అంటే ఈ ఫారం చాలామటుకు కొలుస్తున్నది వాపుని, మిషన్ లేకుండా, మనిషి నోటితో. కఫం ఒంటివాళ్లలో సీఆర్‌పీ ఎక్కువ అని పేపర్ వస్తే నాకు ఆశ్చర్యం లేదు. కాకపోతే బాణం గుర్తు ఎటు పెట్టాలి? తత్వం నుంచి వాపుకా, వాపు నుంచి తత్వానికా? ఒక్కరోజు ఫారం నింపించి, అదే రోజు రక్తం తీస్తే ఆ సంగతి తేలదు. జబ్బు రాకముందు, ముప్పై ఏళ్ల వయసులో తత్వం రాసిపెట్టి, ఇరవై ఏళ్లు వెంట నడిచి చూడాలి. అలా చూసినప్పుడే తత్వం అనే మాటకి బలం వస్తుంది. నేను వ్యతిరేకిని కాదు. తేల్చకుండా చెప్పొద్దంటున్నా, అంతే.

అలాగని మన వైద్యం తత్వం గురించి పట్టించుకోవట్లేదా అంటే, పట్టించుకుంటోంది, కొత్తగా. ఈసినోఫిల్స్ అని ఒక తెల్ల కణం, మామూలు బ్లడ్ టెస్టులోనే తెలుస్తుంది. అది 300 దాటితే పీల్చే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది, 100 లోపుంటే లాభం తక్కువ, న్యుమోనియా ముప్పు మాత్రం ఉంటుంది. 2024లో అమెరికాలో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కి సీఓపీడీలో అనుమతి వచ్చింది, అది కూడా ఈసినోఫిల్స్ ఎక్కువున్న రకానికే. ఇద్దరికీ జబ్బు పేరు ఒకటే, ఆయాసం ఒకటే, లోపలి వాపు రకం వేరు, మందు వేరు. చైనా డాక్టరమ్మ నాలుక చూసి అడిగిన ప్రశ్నే ఇది, ఈ మనిషి ఏ రకం అని. అందుకే నాకు ఆ ప్రశ్న మీద గౌరవం. జవాబు మాత్రం కొలిచి చెప్పాలి.

మందుల మాట కొస్తాను. మా హువాంగ్ అని చైనాలో ఆయాసానికి వేల ఏళ్లుగా వాడే మొక్క. అందులోంచి ఎఫెడ్రిన్‌ని 1885లో జపాన్‌లో నాగాయ్ గారు విడదీశారు, 1924లో పెకింగ్‌లో చెన్, ష్మిట్ అనే ఇద్దరు అది ఎలా పనిచేస్తుందో ప్రపంచానికి చెప్పారు. మన ఆస్తమా మందుల చరిత్రలో అదొక మెట్టు. నిజంగా గొట్టాలు తెరుస్తుంది. గుండె దడ, బీపీ కూడా పెంచుతుంది, అందుకే ఇప్పుడు మనం అంతకంటే మేలైనవి వాడుతున్నాం.

ఇంకోటి, మా దౌ లింగ్. దగ్గుకీ కఫానికీ వాడిన ఎండు కాయ. అరిస్టలోకియా మొక్కది. ఇందులో ఉండే ఆమ్లం మూత్రపిండాల్ని చంపేస్తుంది, మూత్రనాళంలో క్యాన్సర్ తెస్తుంది. బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో ఈ జాతి మొక్క కలిసి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి, 1993లో ఆ సంగతి బయటపడింది. చైనా తన 2020 ఔషధ గ్రంథం నుంచి ఆ కాయని తీసేసింది. ఎందుకు చెప్తున్నానంటే ఇది చైనా గొడవ మాత్రమే కాదు. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఉన్నాయి చూశారా, అవీ ఆ కుటుంబమే. అమ్మమ్మ కషాయంలో వేసింది కదా అని లోపలికి తీసుకోకండి, చేతులెత్తి మొక్కుతున్నాను.

వాళ్లు వేసవిలో మంచి ఎండల రోజులు చూసి వీపు మీద తెల్ల ఆవాలు, అల్లం రసం కలిపిన పట్టీ వేస్తారు, చలికాలం జబ్బుని ఎండాకాలంలోనే పట్టుకోవాలని. వింటుంటే మనకి ఏది గుర్తొస్తుంది? మృగశిర కార్తె, హైదరాబాద్ చేప ప్రసాదం! కార్తె చూసి, రుతువు తిరిగే వేళ చూసి ఇవ్వడం. ఆ పట్టీకి కొందరికి బొబ్బలెక్కుతాయి. ప్రసాదానికైనా, పట్టీకైనా నేను పేషెంట్‌తో పోట్లాడను, ఒక్కటే అంటాను, ఇన్‌హేలర్ ఆపొద్దు. జబ్బు నెమ్మదించినప్పుడే ముందుజాగ్రత్త పడాలన్న ఆలోచన మాత్రం చాలా సరైంది. న్యుమోనియా టీకా, ఏడాదికోసారి ఫ్లూ టీకా, మనం చేసేది కూడా అదే.

మందు లేని వైద్యంలో వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో 120 మంది సీఓపీడీ పేషెంట్లని తీసుకుని సగం మందికి ఆస్పత్రి పద్ధతి వ్యాయామం, సగం మందికి తైచీ, అంటే నెమ్మదిగా ఒళ్లు కదిలించే చైనా వ్యాయామం నేర్పారు. ఆ స్టడీ 2018లో వచ్చింది. తైచీ ఏమాత్రం తీసిపోలేదు, శిక్షణ ఆపిన మూడు నెలలకి చూస్తే తైచీ వాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు. మిషన్లు అక్కర్లేదు, చెట్టు కింద నలుగురు కలిసి చేసుకుంటారు.

హెనాన్‌లో లీ జియెన్‌షెంగ్ గారి బృందం మూలికల మీద ఓపిగ్గా ట్రయల్స్ చేసింది, ఒకదాంట్లో 352 మంది, మామూలు మందులకి తోడుగా మూలికలు ఇచ్చారు, జబ్బు తిరగబెట్టడం తగ్గింది అన్నారు. మంచి ప్రయత్నం. కాకపోతే ఆ ట్రయల్‌లో ఎవరు ఏం తీసుకుంటున్నారో పేషెంటుకీ డాక్టరుకీ తెలుసు, కాబట్టి నేను దాన్ని సగం తూకంతోనే తీసుకుంటాను.

అన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది యున్నాన్‌లో షువాన్‌వేయ్ అనే చోటు. అక్కడ పొగ బాగా వచ్చే బొగ్గుని ఇంటి మధ్యలో గుంట తీసి, పొగగొట్టం లేకుండా కాల్చేవాళ్లు. తర్వాత పొగగొట్టం ఉన్న పొయ్యిలు పెట్టుకున్నారు. 20 వేల మంది రికార్డులు చూసి 2005లో రాశారు, పొగగొట్టం పెట్టుకున్న ఇళ్లలో సీఓపీడీ మగవాళ్లలో 40 శాతం పైన, ఆడవాళ్లలో పాతిక శాతం తగ్గింది. వెంటనే కాదు, స్పష్టంగా కనపడటానికి పదేళ్లు పట్టింది. ఆ ఇళ్లలో మనుషుల తత్వాలు మారలేదండీ. కఫం ఒళ్లు కఫం ఒళ్లుగానే ఉంది. మారింది ఇంటి పైకప్పులో ఒక గొట్టం.

ఇందాక ముందు వరసలోంచి ఒక అమ్మ చీటీ పంపారు. చదువుతాను. "మా అత్తగారు ఎప్పుడూ పొగ తాగలేదు, కానీ ఆయాసం, ఆయుర్వేదంలో కఫ ప్రకృతి అన్నారు, ఏం చెయ్యాలి" అని. అమ్మా, ఆవిడ ఏ పొయ్యి మీద వండారు? ... చూశారా, కట్టె పొయ్యి, పెళ్లయిన దగ్గర్నుంచీ, ముప్పై ఐదేళ్లు. ఆవిడ పొగ తాగలేదని ఎలా అంటాం? ప్రకృతి ఏదైనా అవనివ్వండి, ఆ వైద్యుడు చెప్పిన పథ్యం చెయ్యండి, వేడి వేడిగా తాజాగా తినడం మంచిదే, కానీ బక్కచిక్కుతుంటే పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పాలు మాన్పించకండి. కండ పోతే ఊపిరి పోయినట్టే. ముందు ఊదించి చూడాలి ఆవిడతో.

ఇంకొకరు, ఇన్‌హేలర్ అలవాటైపోతుందా అంటున్నారు. కాదు బాబూ. కళ్లజోడు అలవాటైపోయిందని ఎవరైనా మానేస్తారా? పీల్చాక నోరు పుక్కిలించండి, అది మాత్రం మర్చిపోకండి.

సరే, టైమ్ అయిపోయింది అంటున్నారు. బయట వరండాలో స్పైరోమీటర్, అంటే ఊదించి చూసే మిషన్ పెట్టించాను, మా టెక్నీషియన్ ఉన్నాడు, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు పడుతుంది, డబ్బులేం లేవు. ముందు కట్టె పొయ్యి మీద వండిన అమ్మలు రండి, తర్వాత బ్యారన్ల దగ్గర పనిచేసినవాళ్లు, తర్వాత చుట్ట బీడీ సిగరెట్టు వాళ్లు. ఆ దగ్గుతున్న బాబాయ్, మీరు మాత్రం లైన్లో నిలబడకండి, కుర్చీ వేయిస్తాను, మీరే మొదట ఊదండి.